సీసా మీద పేరు

ధర్మవరంలో ఖాజాసాబ్ ఇల్లెక్కడ అంటే, ఏ ఖాజాసాబ్ అని ఎదురు అడిగేవాళ్ళు. అనుమానాల ఖాజా అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించేవాళ్ళు. పాలవాడు పాలు పోస్తుంటే చెంబులోకి కాక పాలవాడి మొహంలోకి చూసే మనిషి ఆయన. చాకలి తెచ్చిన మూట వాడి ముందే విప్పి, పంచె అంచు వెలుతురుకు పట్టి, తనదేనని తేలేదాకా వాడిని కదలనిచ్చేవాడు కాదు. మసీదుకు పోతే ఒక చెప్పు ఈ గోడ దగ్గర, రెండో చెప్పు ఆ గోడ దగ్గర విడిచేవాడు. జత దొరకని చెప్పు దొంగకు దండగని ఆయన వాదన. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా పెద్దలు? ఖాజాసాబ్ మాత్రం ఆ భూతానికి రోజూ అన్నం పెట్టి పెంచుకున్నాడు.

ఆయనకు దొరికిన ఉద్యోగం కూడా అందుకు తగ్గదే. పట్టు వర్తకులు కొందరు చందాలు వేసుకుని ఊళ్ళో ఒక చిన్న ధర్మాసుపత్రి పెట్టించారు. దానికి ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఒక అటెండరు. ఆ అటెండరే ఖాజాసాబ్. కఫమో రక్తమో పరీక్ష చేసే భూతద్దం ఆ ఆసుపత్రిలో లేదు. అందుకు హిందూపురం పోవాలి. అక్కడ ఒక పెద్ద డాక్టరు సొంతంగా కట్టించిన ఆసుపత్రిలో ల్యాబరేటరీ ఉండేది. మంగళవారం, శుక్రవారం పొద్దున ప్యాసింజరు బండిలో, ఒళ్ళో చెక్కపెట్టె పెట్టుకుని ఖాజాసాబ్ హిందూపురం పోయేవాడు. పెట్టెనిండా రంపపు పొట్టు, పొట్టులో వెడల్పు మూతి సీసాలు, సీసాల్లో ధర్మవరం జనం దగ్గి ఉమ్మిన కఫం. దారిలో పెనుకొండ స్టేషనులో కుళ్ళాయప్ప అనే అటెండరు అక్కడి డిస్పెన్సరీ సీసాలు రెండో మూడో తెచ్చి కిటికీలోంచి అందించేవాడు. సాయంత్రం బండికి ఖాజాసాబ్ పోయినసారి సీసాల కాగితాలు జేబులో పెట్టుకుని తిరిగొచ్చేవాడు. పెట్టెలో ఏముందని బండిలో ఎవరైనా అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేసేవాడు. ఆ బెంచీ మీద ఇక ఆయన ఒక్కడే కాళ్ళు చాపుకునేవాడు.

ఇన్నేళ్ళయినా ధర్మవరం డాక్టరూ హిందూపురం డాక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇక్కడి సుబ్బరాయుడు డాక్టరుకు, ఆ హిందూపురం ఆయనకు చదువు తలకెక్కిందని నమ్మకం. ఆయనకేమో, ధర్మవరంలో మందు కంటే నీళ్ళు ఎక్కువ కలుపుతారని అనుమానం. వాళ్ళిద్దరి మధ్య తిరిగేది అచ్చు వేసిన కాగితం ఒక్కటే. పేరు, వయసు, ఏ పరీక్ష, ఏం తేలింది. అడుగున రిమార్కుల కోసం రెండు ఖాళీ గీతలు. హిందూపురంవాళ్ళు ఆ గీతల మీద ఏమి రాసినా ధర్మవరంలో చదివే ఓపిక ఉండేది కాదు. ధర్మవరంవాళ్ళకు ఏదైనా సందేహం వస్తే అడగడానికి నామోషీ. ఆ కాగితం మీద జనాల ఇళ్ళు నిలిచేవి, కూలేవి.

యుద్ధం మొదలైన ఏడు, దసరా దాటిన తర్వాత ఒక మంగళవారం వచ్చిన కాగితాల్లో ఆదిలక్ష్మమ్మ పేరు ఉంది. ఇరవై రెండేళ్ళది, చేనేత ఇంటి కోడలు, అయిదు నెలల మగపిల్లవాడి తల్లి. పేరు ఎదురుగా ఎర్రసిరాతో మూడు కూడిక గుర్తులు. అంటే క్షయ, అది కూడా ముదిరిన క్షయ. మర్నాడు సుబ్బరాయుడు డాక్టరు ఆమెను, అత్త నరసమ్మను పిలిపించాడు. గొట్టం పెట్టి చూశాడు. ఆమె రొమ్ములో పెద్దగా చప్పుడేమీ వినబడలేదు. ఆయన ఒక్క క్షణం ఆగాడు కూడా. కానీ గొట్టం అబద్ధం చెప్పొచ్చు గానీ భూతద్దం చెప్పదని ఆయన చదువుకున్న పాఠం. పిల్లవాడికి ఇక తల్లిపాలు పట్టొద్దనీ, తల్లీబిడ్డలు ఒక చోట పడుకోకూడదనీ, ఆమె గిన్నె, చాప అన్నీ వేరు పెట్టాలనీ చెప్పాడు.

గోడ పక్కన నిలబడిన ఖాజాసాబ్ ఆమె మొహమే చూస్తున్నాడు. ఈ మాట విన్నవాళ్ళు ఏడుస్తారు, కాళ్ళమీద పడతారు, లేకపోతే అది తమ కాగితం కాదని గొడవ పెట్టుకుంటారు. ఈమె తల వంచుకుని, మందు ఎప్పుడిస్తారని మాత్రం అడిగింది. చేపనూనె సీసా చేతికివ్వగానే కొంగులో కట్టుకుంది. బిడ్డను వేరుగా ఉంచాలన్న మాట ఆమెకు అప్పుడు చెవికెక్కినట్టు లేదు. నరసమ్మ చెయ్యి చాపి ఒళ్ళోంచి పిల్లవాడిని లాక్కున్నప్పుడు ఎక్కింది. అప్పుడు ఆమె నోరు తెరిచి, ఏదో అనబోయి, మళ్ళీ మూసుకుంది. ఖాజాసాబ్‌కు అక్కడే ముల్లు గుచ్చుకుంది.

వారం తర్వాత ఇంట్లో చల్లడానికి ఫినాయిలు ఇచ్చి రమ్మని డాక్టరు పంపితే ఖాజాసాబ్ వాళ్ళింటికి పోయాడు. నడవలో మగ్గం ఆడుతోంది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నవాడు ఆమె మొగుడు తిమ్మరాజు. ధర్మవరంలో అంచు నేసేవాళ్ళలో మంచి పనివాడని పేరు. చేతికందే దూరంలో నశ్యం డబ్బీ. పదిసార్లు నాడె విసిరి, పదకొండోసారి ఆపి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేవాడు. మళ్ళీ నేసేవాడు. నరసమ్మ మనవడికి మేకపాలు పట్టబోతే వాడు ఉమ్మేస్తూ ఏడుస్తున్నాడు. పొద్దునంతా ఇట్లే అరుస్తాడనీ, వాళ్ళ నాయన రొమ్ము మీద పడుకోబెడితేనే నిద్రపోతాడనీ, వారం రోజులుగా అదే పని అనీ ఆమె చెప్పుకొచ్చింది.

ఆదిలక్ష్మమ్మను దొడ్డిలో కట్టెల కొట్టంలో పెట్టారు. ఆమె బావి దగ్గర రెండు బిందెలు తోడి, రెండు చంకలకూ ఎత్తుకుని, ఆయాసం లేకుండా నడిచి వస్తోంది. రవికె ముందు భాగం తడిసి ఉంది. అది నీళ్ళ తడి కాదు. లోపల పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా ఆమె నడక ఆగిపోతోంది. వచ్చే ఆదివారం చెన్నేకొత్తపల్లి నుంచి ఆమె అన్న బండి కట్టుకుని వచ్చి పుట్టింటికి తీసుకుపోతాడట. పిల్లవాడు మాత్రం ఇక్కడే ఉంటాడట.

"దగ్గేమీ లేదే నీకు?" అని అడిగాడు ఖాజాసాబ్.

"వస్తాండాది లేన్నా," అంది ఆమె, బిందె దించుతూ.

అది అబద్ధమని ఆయనకు తెలుసు, ఆయనకు తెలిసిందని ఆమెకూ తెలుసు. ఎనిమిదేళ్ళుగా దగ్గేవాళ్ళ మధ్య బతుకుతున్నవాడికి దగ్గు లేని మనిషిని పోల్చుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఆ ఇంట్లో జబ్బు నడవలో ఉంది, శిక్ష దొడ్డిలో ఉంది. పసివాడు రాత్రంతా జబ్బు రొమ్ము మీదే నిద్రపోతున్నాడు. ఖాజాసాబ్‌కు ఇంటికి పోయినా అన్నం సహించలేదు. తన కొడుకు సైఫుల్లా ఆ వయసులో ఎలా పడుకునేవాడో గుర్తొచ్చి, ఎదురుగా కూర్చున్న పెళ్ళాం ఫాతిమాబీ మీద ఊరికే కసురుకున్నాడు.

కాగితం తప్పు. అంతవరకు ఆయనకు తేలిపోయింది. ఇక తేలాల్సింది ఆ తప్పు ఎవరిదని. అనుమానించడానికి ఖాజాసాబ్‌కు మనుషుల కొరత ఎప్పుడూ లేదు. మొదట పెనుకొండ కుళ్ళాయప్ప. ఆమె సీసా తీసుకుపోయిన శుక్రవారం వాడు అందించిన సీసాలు ఇదే పెట్టెలో పక్కపక్కనే ప్రయాణం చేశాయి. వాడి సీసా చీటీ ఊడి, దీని చీటీ దానికి అంటుకుని ఉంటుంది. అది కాకపోతే హిందూపురం ల్యాబరేటరీలో పనిచేసే నారాయణస్వామి. భూతద్దంలో చూడకుండానే అందాజాగా రాసి పంపుతాడని ఖాజాసాబ్‌కు మొదటి ఏడు నుంచీ గుమానీ. ఆదివారం లోపల ఇంకొక్క బండి ఉంది, శుక్రవారానిది. ఆ లోపల తేల్చకపోతే ఆమె చెన్నేకొత్తపల్లి పోతుంది, పిల్లవాడు నడవలో ఉంటాడు.

శుక్రవారం బండి పెనుకొండలో ఆగగానే ఖాజాసాబ్ కుళ్ళాయప్ప చెయ్యి కిటికీలోంచి పట్టుకున్నాడు. రెండు వారాల కిందటి శుక్రవారం ఎన్ని సీసాలిచ్చావు, ఎవరివి, చీటీలు ఎవరు అంటించారు అని వరసగా అడిగాడు. కుళ్ళాయప్ప కోపం తెచ్చుకోలేదు, నవ్వాడు. ఇచ్చింది రెండు, ఇద్దరూ మగవాళ్ళు, ఇద్దరికీ ఏమీ లేదని కాగితం వచ్చింది. అయినా తన సీసాలు ఎట్లా కలుస్తాయని అడిగాడు.

"మూడేండ్ల నాడు నీవే కదప్పా చెప్పింది, నా సీసాల మెడకు పచ్చదారం కట్టమని," అన్నాడు. "నన్ను నమ్మక కట్టిచ్చినావు. ఇప్పుడు దారాన్ని కూడా నమ్మవా?"

బండి కదిలింది. మెడకు పచ్చదారం ఉన్న సీసాలు పెట్టెలో వేరుగా నిలబడి ఉన్నాయి. తన అనుమానమే కుళ్ళాయప్పకు సాక్షిగా నిలబడడం ఖాజాసాబ్‌కు ఎంతమాత్రం నచ్చలేదు. అయితే ఇక నారాయణస్వామే అనుకున్నాడు. హిందూపురం చేరేదాకా ఆ మాటే పళ్ళ మధ్య నూరుకుంటూ కూర్చున్నాడు.

నారాయణస్వామి సన్నటి మనిషి. ముక్కుమీద కోపం, వేళ్ళనిండా ఎరుపూ నీలమూ రంగులు. ధర్మవరం అటెండరు వచ్చి తన కాగితం తప్పంటే ఆయన ఊరుకుంటాడా? మొదట, సీసాలు బండిలో మార్చింది నువ్వేనన్నాడు. ఆ పిల్ల పుట్టింటివాళ్ళు దుడ్లు ఏమైనా ముట్టజెప్పారా అని కూడా అడిగేశాడు. ఖాజాసాబ్ కూడా తక్కువ తినలేదు. మీరు భూతద్దంలో చూస్తారో, నిద్రపోయి లేచి రాస్తారో ఎవరు చూడొచ్చారన్నాడు. ఇద్దరూ అరుచుకోవడం విని పక్క గదిలో రోగులు తొంగిచూశారు. ఆఖరికి నారాయణస్వామి లేచి, చెక్క అరలోంచి ఒక గాజుపలక వెతికి తీసి భూతద్దం కింద పెట్టి, ఖాజాసాబ్ మెడ పట్టుకుని వంచాడు.

అన్నేళ్ళు సీసాలు మోసినా ఖాజాసాబ్ అందులోకి చూడడం అదే మొదటిసారి. నీలం రంగు మీద ఎర్రటి సన్నని పుల్లలు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. లెక్కపెట్టలేనన్ని.

"ఇవి నేను కల్పించి రాసినానా?" అన్నాడు నారాయణస్వామి. "ఈ గళ్ళ ఉమ్మినోడు ఎవడైనా గానీ, వాడు శానా రోగంలో ఉండాడు."

ఆ తర్వాత రిజిస్టరు తెరిచాడు. ఆ ల్యాబరేటరీలో ఒక పద్ధతి ఉంది. పరీక్ష అయ్యాక సీసా మీది చీటీని నీళ్ళతో తడిపి ఊడదీసి, రిజిస్టరులో ఆ నంబరు పక్కనే అంటిస్తారు. పక్కన నారాయణస్వామి ఇంగ్లీషులో రెండు వరుసలు రాసి ఉన్నాడు. అవే రెండు వరుసలు ధర్మవరం పోయిన కాగితంలో రిమార్కుల గీతల మీద కూడా రాశాడట. వాటిలో ఏముందని ఖాజాసాబ్ అడిగాడు. కఫంలో నశ్యం పొడి బాగా కనబడింది, ఇరవై రెండేళ్ళ ఆడమనిషికి నశ్యం అలవాటు ఉందా, దయచేసి తెలపండి అని రాశానన్నాడు నారాయణస్వామి. తనకు కూడా అనుమానం వచ్చే అడిగాడు. జవాబు రాలేదు. ఆరేళ్ళుగా ధర్మవరానికి ఇట్లాంటి ప్రశ్నలు నూరు రాసి ఉంటాననీ, ఒక్కదానికీ ఒక్క ముక్క తిరిగి రాలేదనీ, గోడకు చెప్పుకున్నా నయమేననీ వాపోయాడు. ఖాజాసాబ్‌కు ఆ మాట లోపలికి దిగలేదు. ఆయన కళ్ళు చీటీ మీద ఉన్నాయి.

"సీసా మీద పేరు రాసింది ఎవురు?" అని అడిగాడు నారాయణస్వామి.

"నేనే రాసినా. రాస్తే ఏమి?" అన్నాడు ఖాజాసాబ్. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట అవసరానికి మించి గట్టిగా వచ్చింది.

తిరుగు బండిలో పెనుకొండ దాటేదాకా ఆయనకు ఆ శుక్రవారం గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఇక పోలేదు.

ఆసుపత్రి పద్ధతి ఇది. ఇంట్లో దగ్గు ఉన్నవాళ్ళు ఒక రోజు ముందు వచ్చి ఖాళీ సీసా తీసుకుపోతారు. పొద్దున పళ్ళు తోమకముందు ఉమ్మి, ఏడు గంటలకల్లా కిటికీ దగ్గర ఖాజాసాబ్‌కు ఇస్తారు. ఆయన పేరు అడిగి చీటీ మీద తెలుగులో రాసి అంటిస్తాడు, కాంపౌండరు దాన్ని చూసి కాగితం నింపుతాడు. రోగిని డాక్టరు చూసేది ఫలితం వచ్చాకే. నేతపనివాళ్ళు తమంతట తాము కిటికీ దగ్గరికి రారు. దగ్గు సంగతి షావుకారు చెవిన పడితే పట్టు ఇవ్వడు. క్షయరోగి నేసిన చీర పెళ్ళిపీటల మీద ఎవరు కడతారు? అందుకని ఆడవాళ్ళను పంపుతారు. ఇదంతా ఖాజాసాబ్‌కు తెలియనిది కాదు.

ఆ రోజు ఆదిలక్ష్మమ్మ కొంగు చాటున సీసా తెచ్చింది. వెనక ఇంకా అయిదారుగురు ఉన్నారు. బండికి వేళవుతోంది. ఎవరికి దగ్గు అని అడిగితే ఇంట్లో అంది. ఇంట్లో ఎవరికి, పేరేమి అంటే తల వంచుకుంది. మళ్ళీ అడిగాడు. ఆమె కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది. అప్పుడు ఖాజాసాబ్ విసుక్కుని, నీ పేరన్నా చెప్పు తల్లీ అన్నాడు. ఆమె ఆదిలక్ష్మమ్మ అంది. ఆయన రాసేశాడు.

పెళ్ళాం నోట మొగుడి పేరు రాదని ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని ఆ వీధుల్లో మూడేళ్ళ పిల్లకు కూడా చెప్పి పెంచుతారు. వాళ్ళని అననేల, ఫాతిమాబీ పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి ఖాజాసాబ్ అని నోరు తెరిచి అన్నది లేదు. పక్కింటికి పోయి తనను పిలవాలన్నా మా సైఫుల్లా వాళ్ళ నాయన అంటుంది. పేరు చెప్పకుండా నిలబడిన ఆడమనిషి ఎవరి కఫం తెచ్చిందో గుడ్డివాడికి కూడా తెలియాలి. ఊళ్ళో పాలవాడిని, చాకలిని, కుళ్ళాయప్పను, నారాయణస్వామిని, అందరినీ అనుమానించినవాడు తన చేతిలో కలాన్ని మాత్రం అనుమానించలేదు. గురివిందగింజ సామెత ఆయన నోటివెంట ఎంతమంది మీద పడిందో లెక్కలేదు. ఇప్పుడు అది తనకే తగిలింది. ఎదుటి బెంచీ ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది గానీ, ఖాజాసాబ్ ఆ రోజు బండిలో తువ్వాలు మొహానికి కప్పుకుని ఏడ్చాడు.

శనివారం పొద్దున సుబ్బరాయుడు డాక్టరు కుర్చీలో కూర్చోకముందే ఎదురుపోయి ఉన్నదంతా చెప్పేశాడు. తప్పు తనదేననీ, చీటీ తానే రాశాననీ, ఉద్యోగం తీసేసినా సరే ఆ పిల్లవాడిని తండ్రి దగ్గర్నుంచి తెప్పించండనీ అన్నాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎవరినీ నమ్మని మనిషి ఇంత వినయంగా తప్పు ఒప్పుకుంటున్నాడంటే వెనక ఏదో ఉందని ఆయనకు తోచింది. ఎవరు చెప్పి పంపారని అడిగాడు. చెన్నేకొత్తపల్లి వాళ్ళు ఏమైనా వచ్చి కలిశారా అన్నాడు. ఖాజాసాబ్‌కు తన మందు తనకే పట్టినట్టయింది. ఆయన కాగితం అడుగున ఉన్న రెండు గీతలు చూపించి, అవి చదవమని బతిమాలాడు.

డాక్టరు చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెంటనే ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదు, ఆడవాళ్ళలో నశ్యం పీల్చేవాళ్ళు లేరా అన్నాడు. ఆమె తన నోటితో చెబితే తప్ప కాగితం మార్చనని, ఆ ఇంటివాళ్ళను పిలిపించమని చెప్పాడు.

పది గంటలకు అందరూ వచ్చారు. పిల్లవాడిని భుజాన వేసుకుని నరసమ్మ బల్ల పక్కన నిలబడింది. ఆదిలక్ష్మమ్మ గడప బయటే ఆగిపోతే డాక్టరు లోపలికి రమ్మన్నాడు. తిమ్మరాజు వసారాలో స్తంభం పక్కన కూర్చున్నాడు. మగ్గం ఆగిపోయిందనీ, షావుకారుకు సోమవారం చీర ఇవ్వాలనీ వచ్చినప్పట్నుంచీ గొణుగుతున్నాడు. తలుపు తెరిచే ఉంది. లోపల మాట్లాడే ప్రతి మాటా ఆయనకు వినబడుతుంది.

ఆ సీసాలో ఉమ్మింది నువ్వేనా అని డాక్టరు అడిగాడు. దానిదే సార్, ఇంకెవరిది అంది నరసమ్మ. ఆమెకు నిజంగా తెలియదు. ఆ పొద్దున కోడలు ఆసుపత్రికి వచ్చిన సంగతే ఆమెకు చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఇద్దరే, మొగుడూ పెళ్ళామూ. పెళ్ళాన్ని కట్టెల కొట్టంలోకి తోసిన రోజున తిమ్మరాజు నాదే అని ఒక్క మాట అని ఉంటే పోయేది. అనలేదు. భయం మనిషిని ఎంత చిన్నవాడిని చేస్తుందో చెప్పలేం గానీ, అతగాడిని ఖాజాసాబ్ ఇప్పటికీ క్షమించలేదు. ఆమె కూడా మొదట ఒప్పుకునే ఊరుకుంది. తన పేరు మీద మందు వస్తే మొగుడికి తాగించొచ్చు, మగ్గం ఆగదు, ఊరికి తెలియదు అనుకుంది. చేపనూనె సీసా సగం అప్పటికే ఆయన కడుపులోకి పోయింది. బిడ్డను లాక్కుంటారని ఆమె లెక్కలో లేదు.

"నీది కాకపోతే ఎవరిదో చెప్పమ్మా," అన్నాడు డాక్టరు. "పేరు చెప్పు. రాసుకుంటాను."

ఆమె పెదవులు కదిలాయి. వసారా వైపు చూసింది. తిమ్మరాజు మొహం స్తంభం వైపు తిప్పుకున్నాడు. ఖాజాసాబ్ ఆగలేక, ఆ పేరు నేను చెప్తాను సార్ అన్నాడు. నువ్వు ఒకసారి రాసింది చాలు అన్నాడు డాక్టరు.

అంతలో పిల్లవాడు లేచి ఏడుపు అందుకున్నాడు. నరసమ్మ వీపు తట్టింది, ఊపింది. వాడు ఆగలేదు. వాళ్ళ నాయన రొమ్మున వేస్తే ఊరుకుంటాడని చెప్పి, పిల్లవాడిని రెండు చేతులా ఎత్తి వసారా వైపు నడిచింది. తిమ్మరాజు చేతులు చాపాడు.

"తిమ్మరాజు," అంది ఆదిలక్ష్మమ్మ.

నరసమ్మ గడప మీదే ఆగిపోయింది.

"గళ్ళ తిమ్మరాజుది. నెత్తురు పడేది తిమ్మరాజుకు. నాకేమీ లేదు."

డాక్టరు కాగితం మీద ఆదిలక్ష్మమ్మ పేరు కొట్టేసి, పైన కొత్త పేరు రాశాడు. ఆయన ఆ సాయంత్రమే హిందూపురానికి మొదటి ఉత్తరం రాశాడు. అందులో క్షమాపణ ఉందో, ఎత్తిపొడుపు ఉందో ఖాజాసాబ్‌కు తెలియదు. మంగళవారం తానే తీసుకుపోయి ఇచ్చాడు. నారాయణస్వామి దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కొత్తగా అచ్చు వేయించిన కాగితాల్లో ఉమ్మింది ఎవరు, తెచ్చింది ఎవరు అని రెండు వేరు గడులు వచ్చాయి. పదేళ్ళ తర్వాత ఉద్యోగం మానేదాకా ఖాజాసాబ్ కిటికీ దగ్గర ఆ రెండు ప్రశ్నలూ అడిగి, జవాబు విని, రాసింది వాళ్ళకే చదివి వినిపించి మరీ అంటించేవాడు. బండి తప్పిపోయినా సరే. మగ్గాల వీధిలో మాత్రం, మొగుడి పేరు నలుగురిలో పలికిన ఆడది అని ఆదిలక్ష్మమ్మను చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. పేరు పలకకుండా ఉంటే ఏమై ఉండేదో ఎవరూ చెప్పుకోలేదు.

ఆ రోజు ఆదిలక్ష్మమ్మ ఎవరినీ అడగలేదు. గడప దగ్గరికి పోయి అత్త చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. నరసమ్మ చేతులు వాటంతటవే వదిలేశాయి. ఖాజాసాబ్ కొత్త సీసా తెచ్చి తిమ్మరాజు ముందు పెట్టాడు. అతను దాన్ని ముట్టుకోలేదు. తన ముందునుంచి మెట్లు దిగుతున్న పెళ్ళాం వైపు తల ఎత్తి, గొంతు తగ్గించి అడిగాడు.

"నా పేరు చెప్పేస్తివే."

ఆమె ఆగింది.

"నీ పేరు చెప్పకుంటే, రేపు ఆ సీసా మీద వీని పేరు రాపిచ్చాల్సి వస్తాది," అంది. "అది నేను చెప్పల్లనా, నీవు చెప్తావా?"

ఆమె అక్కడే మెట్టు మీద, అందరికీ వీపు పెట్టి కూర్చుని పిల్లవాడికి పాలిచ్చింది.